మధ్యాహ్నం 2 గంటల టిక్కు... ఉదయం 11:40కే!

ఆదివారం ఉదయం 11:40. నాయనమ్మ నిద్రపోతోంది. నా ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. చేతులు ఊరికే ఉండవు కదా, మంచం కాళ్ల వైపు తగిలించిన ఫైల్ తీసి తిరగేశాను. ఏదో పట్టుకుందామని కాదు, టైంపాస్‌కి.

అందులో ‘పక్క మార్చడం’ అని ఒక పేజీ ఉంది. మంచం మీదే ఉండిపోయినవాళ్లని రెండు గంటలకోసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పాలి. తిప్పినప్పుడల్లా గడిలో టిక్కు పెట్టి సంతకం చేయాలి. ఉదయం 8కి టిక్కు. 10కి టిక్కు. 12కి టిక్కు. మధ్యాహ్నం 2కి కూడా టిక్కు!

గోడ గడియారం చూశాను. ఇంకా 11:40నే.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. ఆఫీసులో నా టైం సగం లాగ్స్ చదవడానికే పోతుంది. సర్వర్‌లో ఎప్పుడు ఏం జరిగిందో రాసి ఉండే చిట్టా అది. ఇంకా జరగని పని జరిగినట్టు అందులో కనిపిస్తే, ఇక ఆ చిట్టా మొత్తాన్నీ నమ్మలేం. పేజీలు వెనక్కి తిప్పాను. నిన్న, పోయిన వారం, పోయిన నెల. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. అర్ధరాత్రి 2కీ, తెల్లవారుజామున 4కీ కూడా చక్కటి టిక్కులు. మా కంపెనీ సర్వర్లు కూడా ఇంత బాగా పనిచేయవు!

ఆ రోజే దుప్పటి మారుస్తుంటే నాన్న ఒక చెయ్యి వేశాడు. నాయనమ్మని పక్కకి తిప్పగానే కనిపించింది. నడుము కింద, వెన్నెముక చివర, రూపాయి బిళ్లకన్నా పెద్దగా చర్మం ఊడిపోయి ఉంది. నాన్న ఏమీ అనలేదు. బయటికెళ్లి కారిడార్‌లో కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. నాయనమ్మది తణుకు. తాతయ్య పోయాక మా దగ్గరికి హైదరాబాద్ వచ్చేసింది. పోయిన ఏడాది బాత్‌రూమ్‌లో జారిపడి ఎడమ తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యింది కానీ నడక మాత్రం తిరిగి రాలేదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, నాన్నకి బీపీ, మాది లిఫ్ట్ లేని మూడో అంతస్తు. రెండు నెలలు ఇంట్లో తిప్పలు పడ్డాక, ఊరి శివార్లలో ఉన్న ఒక కేర్ హోమ్‌లో చేర్చాం. నెలకి 38 వేలు. చుట్టాలు ఏమన్నారో మీకు చెప్పక్కర్లేదు. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరి గురించి అనే ఉంటారు.

మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే డెలివరీలు, అపెండిక్స్ ఆపరేషన్లు జరిగే చిన్న ఆసుపత్రి. అమెరికాలో ఆ మాటకి అర్థం వేరు. సొంతంగా లేవలేని పెద్దవాళ్లు నెలలు, ఏళ్ల తరబడి ఉండే చోటు అది. మా నాయనమ్మ ఉన్నది అలాంటిదే. ఇవి మన నగరాల్లో ఇప్పుడిప్పుడే పెరుగుతున్నాయి. 2011 జనాభా లెక్కల్లోనే 60 దాటినవాళ్లు దేశంలో 10 కోట్ల మందికి పైగా ఉన్నారు. వాళ్ల పిల్లలు, మనవళ్లు మనమే.

ఇక ఆ పుండు సంగతి. పడకపుండ్లు అంటారు, డాక్టర్లు బెడ్ సోర్ అంటారు. ఒకే పక్కన గంటల తరబడి పడుకుంటే పైన ఎముక, కింద పరుపు మధ్య చర్మం నలిగిపోతుంది. రక్తం అందదు. నడుము చివర, తుంటి, మడమలు, మోచేతులు... ఎముక పైకి ఉండే చోటల్లా ఇదే ప్రమాదం. తడి ఉంటే ఇంకా తొందరగా వస్తుంది, తిండి సరిగ్గా లేకపోతే ఇంకా తొందరగా. మొదట్లో కనిపించేది ఎర్రటి మచ్చ. వేలితో నొక్కి వదిలితే మామూలు చర్మం తెల్లబడి మళ్లీ రంగు వస్తుంది, ఈ మచ్చ మాత్రం తెల్లబడదు. మన చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు సరిగ్గా కనిపించదు కూడా. చుట్టుపక్కల కన్నా నల్లగానో, కమిలినట్టో ఉంటుంది. ముట్టుకుంటే వేడిగా, గట్టిగా తగులుతుంది. ఆ దశలో పట్టుకుంటే పక్క మార్చి, ఆ చోట ఒత్తిడి పడకుండా చూస్తే చాలావరకు తగ్గిపోతుంది. దాటిపోతే నెలలు పడుతుంది. లోతుగా వెళితే ఎముక దాకా వెళ్తుంది, ఒంట్లోకి ఇన్ఫెక్షన్ పాకి ప్రాణం మీదకి వస్తుంది.

అంటే, ఆ గడుల్లో టిక్కులు ఉత్త కాగితం పని కాదు. అబద్ధపు టిక్కు పడిన ప్రతిసారీ మా నాయనమ్మ ఒకే చోట ఇంకో రెండు గంటలు నలిగింది.

ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆ పేజీలన్నీ ఫోటోలు తీశాను. మేనేజర్ గదికెళ్లి టేబుల్ మీద ఫైల్ పెట్టి, “ఎవరిదీ సంతకం?” అని అరిచాను. ఆయన చూసి, “కొత్తమ్మాయి సార్, నేను చూసుకుంటాను” అన్నాడు. సాయంత్రం ఫోన్ చేశాడు. “పంపించేశాం సార్. ఇంకెప్పుడూ ఇలా జరగదు.”

నాకు తృప్తిగా అనిపించింది. అది కూడా రాయాలి కదా.

పది రోజుల తర్వాత వెళ్లాను. కొత్త ఆయా. రిజిస్టర్‌లో మళ్లీ అన్నీ టిక్కులే. కాకపోతే ఈసారి జాగ్రత్తగా, గడియారం ప్రకారం. నాయనమ్మ మొహం మాత్రం వాడిపోయి ఉంది. కొత్తావిడ ఎడమ వైపు తిప్పినప్పుడల్లా అరుస్తోందట. ఎడమ తుంటికి ఆపరేషన్ అయిందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. పాత అమ్మాయికి తెలుసు. ఎడమకి తిప్పేటప్పుడు పూర్తిగా తిప్పకుండా వీపు వెనక దిండు పెట్టి కొంచెం వాలుగా పడుకోబెట్టేదట. అది ఎక్కడా రాసి లేదు. ఆమె తలలో ఉంది. ఆమెతో పాటే వెళ్లిపోయింది.

మా ఫీల్డ్‌లో దీనికి ‘బస్ ఫ్యాక్టర్’ అని ఒక మాట ఉంది. టీమ్‌లో ఎంతమందిని బస్సు గుద్దేస్తే ప్రాజెక్టు ఆగిపోతుంది అని లెక్క. ఒకటి వస్తే ప్రమాదం. అక్కడ అది ఒకటే. ఆ ఒక్కరినీ గుద్దిన బస్సుని నేనే.

అసలు సంగతి వంటగదిలో పనిచేసే పెద్దావిడ చెప్పింది. ఆ రోజు నాకు టీ ఇస్తూ, గొంతు తగ్గించి, “ఆ పిల్ల నాలుగు రోజుల ముందే చెప్పింది బాబూ, మామ్మగారికి నడుము దగ్గర కమిలిందని. రాయొద్దన్నారు. రాస్తే ఇంటోళ్లు గొడవ చేస్తారని.”

టీ గొంతు దిగలేదు.

రెండేళ్ల క్రితం నేను ఆఫీసులో ఒక పెద్ద తప్పు చేశాను. టెస్టింగ్ అనుకుని అసలు డేటాబేస్‌లో ఒక టేబుల్ డిలీట్ చేసేశాను. మూడు గంటలు సర్వీస్ ఆగిపోయింది. మర్నాడు మీటింగ్ పెట్టారు. ఉద్యోగం పోయిందనుకున్నా. అక్కడ అడిగిన మొదటి ప్రశ్న “ఎవరు చేశారు” కాదు, “అసలు డేటాబేస్‌కీ టెస్ట్ డేటాబేస్‌కీ తేడా తెలియకుండా స్క్రీన్ ఎందుకు అలా ఉంది?” అని. మా వాళ్లు దీన్ని నింద లేని పోస్ట్‌మార్టమ్ అంటారు. (ఈ మాట కేర్ హోమ్‌లో నాన్న ముందు అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.) సాఫ్ట్‌వేర్ వాళ్లేదో కనిపెట్టామని గొప్పలు చెప్పుకోనక్కర్లేదు. ఇది విమానయానం నుంచి, ఆసుపత్రుల భద్రత గురించి ఆలోచించినవాళ్ల నుంచి మేం అరువు తెచ్చుకున్నదే.

నా తప్పుకి నన్ను కూర్చోబెట్టి మాట్లాడారు. ఆమె చెప్పిన నిజానికి ఆమెని ఇంటికి పంపారు. పంపించమని అడిగినట్టే అరిచింది నేను.

ఆ రాత్రి నిద్ర పట్టక చదవడం మొదలుపెట్టాను. 1990ల్లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే హార్వర్డ్ పరిశోధకురాలు ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్ల మీద అధ్యయనం చేసింది. బాగా కలిసి పనిచేసే టీముల్లో తప్పులు తక్కువ ఉంటాయని ఆమె అంచనా. లెక్కలు తిరగబడ్డాయి. మంచి టీముల్లోనే తప్పులు ఎక్కువ కనిపించాయి! తవ్వి చూస్తే, వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం కాదు, చేసినవి బయటికి చెప్పగలుగుతున్నారు. మిగతా చోట్ల భయపడి దాచేస్తున్నారు. ఆ పని 1996లో అచ్చయింది. ఆ తర్వాత 1999లో, మాట్లాడితే తలపోతుందన్న భయం లేని టీములే నేర్చుకోగలవని ఆమె ఇంకో పరిశోధనలో చూపించింది.

ఇప్పుడు మా నాయనమ్మ రిజిస్టర్ గురించి ఆలోచించండి. నెలంతా ఒక్క ఖాళీ గడి లేదు. చూసినప్పుడు “ఎంత పద్ధతిగా ఉన్నారు!” అని అమ్మ మెచ్చుకుంది కూడా.

అమెరికాలో ఈ కథ చాలా పెద్ద స్థాయిలో నడిచింది. అక్కడి నర్సింగ్ హోముల్లో వృద్ధుల్ని మంచాలకీ కుర్చీలకీ కట్టేయడం లాంటివి బయటపడి, 1987లో ఒక పెద్ద చట్టం వచ్చింది. ప్రతి మనిషి పరిస్థితినీ ఒకే పద్ధతిలో అంచనా వేసి రాయాలి, ఆయాలకి కనీసం 75 గంటల శిక్షణ ఉండాలి, సిబ్బంది సౌకర్యం కోసం ఎవరినీ కట్టేయకూడదు. కట్టేయడం నిజంగానే బాగా తగ్గింది. తర్వాత 2008 చివర్లో హోటళ్లకి ఇచ్చినట్టు ఐదు స్టార్ల రేటింగ్ పెట్టారు. మంచి ఆలోచనే. చిక్కల్లా ఒక్కచోట వచ్చింది. ఎంతమంది సిబ్బంది ఉన్నారో హోములే స్వయంగా చెప్పేవి. మన 2 గంటల టిక్కు లాగే! 2016 నుంచి జీతాల రికార్డుల ఆధారంగా లెక్క పంపమన్నారు. 2018లో ఆ లెక్కలు చూస్తే చాలా హోముల్లో అంతకుముందు చెప్పినంత మంది లేరు, శని ఆదివారాల్లో అయితే మరీ తక్కువ. 2022 నుంచి ఏడాదిలో ఎంతమంది సిబ్బంది మానేస్తున్నారో కూడా జనానికి చూపిస్తున్నారు. నాకు ఆ చివరిది బాగా నచ్చింది. మానేసిన ప్రతి మనిషితో పాటు ఏ తుంటి ఏ వైపో తెలిసిన తెలివి కూడా గేటు దాటిపోతుంది.

మన దగ్గర? తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. జిల్లాకో వృద్ధాశ్రమం గురించి అందులో ఉంది. డబ్బులు తీసుకుని చూసుకునే కేర్ హోముల్లో ఏ ప్రమాణాలు ఉండాలో 2019 సవరణ బిల్లులో ప్రస్తావించారు కానీ అది చట్టం కాలేదు. ఏదైనా ఇబ్బంది ఉంటే 14567 ఎల్డర్ లైన్ ఉంది, ఉచితం. ఈ నంబర్ సేవ్ చేసుకోండి.

మర్నాడు నేను అరవకుండా మేనేజర్ దగ్గరికి వెళ్లాను. “సార్, రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారు?” అని అడిగాను. ఇద్దరు ఆయాలు. హోమ్‌లో ఉన్నది 22 మంది, అందులో తొమ్మిది మంది పూర్తిగా మంచం మీదే. ఒకరిని తిప్పాలంటే ఇద్దరూ కావాలి. ఒక్కరే లాగితే చర్మం పరుపుకి రాసుకుని అదొక గాయం. తిప్పడం, డయపర్ చూడటం, తుడవడం, దిండ్లు సర్దడం, మొత్తం పది నిమిషాలు. తొమ్మిది మందికి 90 నిమిషాలు. రెండు గంటలంటే 120. మిగిలిన అరగంటలో మిగతా 13 మందికి మంచినీళ్లు, బాత్‌రూమ్, దగ్గు, పిలుపులు. ఒక్కరు వాంతి చేసుకుంటే చాలు, లెక్క మొత్తం తలకిందులు.

ఆ అంకెలు కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చూసి, “తెలుసు సార్” అన్నాడు. “మూడో మనిషిని పెడితే మీ ఫీజు పెంచాలి. పెంచితే మీరే ఖాళీ చేస్తారు. ఏజెన్సీ వాళ్లు పంపే పిల్లలు మూడు నెలలు ఉండరు. మీ కంపెనీల్లో కుదురుతాయి సార్ ఈ మీటింగులూ అవీ.” ఆయన మాటల్లో అబద్ధం లేదు. నిజంగానే ఫీజు పెంచుతామంటే మొదట గొణిగేది మా ఇంట్లోనే.

చాలాసేపు వాదించాక ఒక్కటి ఒప్పుకున్నాడు, అదీ మా నాయనమ్మ ఉన్న హాల్లో మాత్రమే, నెల రోజులు. టిక్కు తీసేశాం. దాని బదులు ఎన్ని గంటలకి, ఏ వైపు తిప్పారో రాయాలి. ‘కు 11:50’, ‘ఎ 2:10’ అలా. పక్కన ఇంకో గడి: ‘కుదరలేదు, ఎందుకు’. ఆ గడిలో రాసినందుకు ఎవరినీ ఏమీ అనకూడదు, జీతం కోయకూడదు. డ్యూటీ మారేటప్పుడు రెండు షిఫ్టుల వాళ్లూ టేబుల్ దగ్గర కాకుండా ఒక్కో మంచం దగ్గర నిలబడి, చర్మం చూసి, రెండు మాటలు చెప్పుకోవాలి.

మొదటి మూడు రోజులు ఎవరూ ‘కుదరలేదు’ రాయలేదు. ఎందుకు రాస్తారు? ముందు రాసినదాని గతి అందరూ చూశారు కదా. నాలుగో రోజు రాత్రి ఎవరో చిన్నగా రాశారు: ‘4 గం. కుదరలేదు. స్నానాలు.’ వారం తిరిగేసరికి పేజీ నిండా అవే. మేనేజర్‌కి చెమటలు. “ఇది ఇంకో ఇంటివాళ్లు చూస్తే నా పని అయిపోతుంది సార్” అన్నాడు.

కానీ ఆ పేజీ చదివితే విషయం దొరికింది. తప్పిపోయినవి రాత్రంతా లేవు. ఎక్కువ భాగం తెల్లవారుజామున 4 నుంచి 6 మధ్యే. ఎందుకంటే పగటి డ్యూటీ వాళ్లు వచ్చేసరికి అందరికీ స్నానాలు అయిపోవాలని ఎప్పుడో ఎవరో పెట్టిన రూల్ ఉంది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఉదయం 7కి నలుగురు డ్యూటీలోకి వస్తారు. చీకట్లో ఇద్దరు చేసే స్నానాల్లో సగం ఆ నలుగురి టైంకి మార్చారు. ఖర్చు సున్నా. దీనికి ఇన్నాళ్లు ఎందుకు పట్టిందంటే, పాత రిజిస్టర్ ప్రకారం 4 గంటలకి ఎప్పుడూ ఏ సమస్యా లేదు!

అన్నీ బాగుపడ్డాయని చెప్పను. రాత్రికి ఇప్పటికీ ఇద్దరే. పక్క హాల్లో ఇప్పటికీ టిక్కులే. నాయనమ్మ పుండు మానడానికి మూడు నెలలు పట్టింది, డ్రెస్సింగ్ మార్చిన ప్రతిసారీ ఆవిడ నా చెయ్యి పట్టుకుని తణుకులో పోయినవాళ్ల పేర్లు వరసగా తలుచుకునేది.

మీరు ఎవరినైనా ఇలాంటి చోట చేర్చాల్సి వస్తే ఏసీ, టీవీ, మెనూ చూసి సంబరపడకండి, మేం పడ్డాం. ‘పోయిన నెలలో ఇక్కడ ఏం తప్పు జరిగింది, తర్వాత ఏం మార్చారు?’ అని అడగండి. ‘మా దగ్గర తప్పులే జరగవండీ’ అంటే ఇంకో చోటు చూడండి. ఆదివారం 11 గంటలకి కాకుండా, కుదిరితే మామూలు రోజు సాయంత్రం వెళ్లండి. ఆదివారాలు మా లాంటి వాళ్ల కోసం తయారై ఉంటారు.

ఆ అమ్మాయి నంబర్ వంటావిడ ఇచ్చింది. ఫోన్ చేయడానికి నాకు రెండు వారాలు పట్టింది. పార్వతీపురం వైపు పిల్ల. ఇప్పుడు సికింద్రాబాద్ దగ్గర ఎవరింట్లోనో ఒక పెద్దాయన్ని చూసుకుంటోంది. నేనెవరో చెప్పగానే కాసేపు మాట లేదు. క్షమించమని అడిగాను. టిక్కుల సంగతి కూడా అడిగాను. “అన్నీ నింపకపోతే ఇంటికి వెళ్లనివ్వరు బాబూ, అందుకే పొద్దున్నే పెట్టేసేదాన్ని” అంది. తర్వాత, “పర్నేదు బాబూ” అంది. ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు.

పెట్టేసే ముందు ఆమే అడిగింది. “మామ్మగారిని కుడి పక్కకి తిప్పేటప్పుడు చెవి మిషన్ తీస్తన్నారా? ఆ చెవికే ఉంటది కదా. తియ్యకపోతే చెవెనక ఒరుస్తది. నేను తీసి సొరుగులో పెట్టేదాన్ని.”

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి వెళ్లాను. నాయనమ్మ కుడి పక్కకి తిరిగి పడుకుని ఉంది. మెల్లగా తల ఎత్తి, మిషన్ తీసి, చెవి వెనక చూశాను. కమిలి ఉంది. వేలు పెట్టి నొక్కి వదిలాను. తెల్లబడలేదు.

ఫైల్ తీసి, టైం చూసి రాశాను. ఉదయం 9:25.